క్రాంకు పుల్లీ బోల్టుకు పానా ఏదీ?

కాలవలకు నీళ్లొచ్చి దమ్ములు మొదలైతే చాలు, వారం తిరక్కుండానే రోడ్ల పక్కన బానెట్టు ఎత్తి నిలబడిపోయిన ట్రాక్టర్లు కనబడుతుంటాయి. తెలంగాణలో చెరువుల కింద కరిగట దున్నే చోట్లా ఇదే తంతు. బురద, నీళ్లు, రాత్రీ పగలూ తోలకం. ఇంజను ఓర్చుకున్నంత ఓర్చుకుని ఎక్కడో ఒకచోట మొరాయిస్తుంది. ముందువైపు ఆయిలు సీలు కారడం అందులో ఒకటి. సీలు పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు. కాని దాన్ని మార్చాలంటే క్రాంకు షాఫ్టు ముక్కుకు తొడిగిన పుల్లీని తీయాలి. పుల్లీని తీయాలంటే దాన్ని బిగించి పట్టిన ఒకే ఒక్క బోల్టును విప్పాలి. ఆ ఒక్క బోల్టు దగ్గర మన పల్లెల్లో ఎన్ని వేళ్లు చితికాయో, ఎన్ని క్రాంకులు చెడ్డాయో లెక్క రాసిపెట్టినవాడు లేడు.

రైతు సమస్యలు రాసే చోట ఈ బోల్టుల గొడవేమిటని అడిగే మిత్రులుంటారు. గిట్టుబాటు ధర గురించి రాయండి, కౌలుదారు గుర్తింపు కార్డు గురించి రాయండి, కూలి రేట్ల గురించి రాయండి అంటారు. అవన్నీ రాయవలసినవే. కాని ఒక్కసారి పొలంలోకి చూడండి. నాగలి మేడి పట్టినవాడి కొడుకు ఇవాళ స్టీరింగు పట్టాడు. సెంటు భూమి లేని కుర్రాడు ఊళ్లో ఉన్నాయన ట్రాక్టరు మీద నెల జీతానికో, ఎకరానికింత అనో డ్రైవరుగా ఉంటున్నాడు. బండి ఆగితే అతనికి ఆ పూట కూలి లేదు. బండి కింద పడుకుని పానా పట్టేదీ అతనే. పుల్లీ పగిలితే "నీ చేతకానితనం" అని జీతంలో కోత పడేదీ అతనికే. దున్నేవాడి చేతిలో పనిముట్టు ఏదన్న ప్రశ్న రైతు కూలీ ఉద్యమానికి కొత్తదా? కర్రు చెక్కించుకోవడానికి కమ్మరి కొలిమి ఊళ్లోనే ఉండేది. మరి ఇంజను బోల్టు విప్పడానికి తగిన సాధనం ఊళ్లో ఎందుకు లేదు?

ముందు సంగతి ఏమిటో చూద్దాం. పిస్టన్ల తోపుడును తిప్పుడుగా మార్చేది క్రాంకు షాఫ్టు. దాని వెనక కొసన ఫ్లైవీలు, ముందు కొసన పుల్లీ. ఆ పుల్లీ మీది బెల్టే ఫ్యానును, నీళ్ల పంపును, డైనమోను తిప్పుతుంది. పుల్లీ జారకుండా లోపల ఒక కీ ఉంటుంది, చాలా ఇంజన్లలో అది అర్ధచంద్రాకారపు ముక్క. అయితే బరువు మోసేది కీ కాదు. ఇది చాలామందికి తెలియని విషయం. బోల్టు ఎంత గట్టిగా అదిమిపెడితే పుల్లీ అంత స్థిరంగా ఉంటుంది. కీ ఉన్నది సరైన చోట కూర్చోబెట్టడానికే ఎక్కువ. అందుకే ఆ బోల్టును కంపెనీ అంత బిగువుగా బిగిస్తుంది.

ఎంత బిగువు? ఇంజనును బట్టి మారుతుంది, 300 న్యూటన్ మీటర్లు దాటేవీ ఉన్నాయి. న్యూటన్ మీటరంటే ఏమిటని బెదరనక్కరలేదు. మీటరు పొడుగు గొట్టం కొసన 25 కిలోల బియ్యం మూట వేలాడదీస్తే దాదాపు 245 న్యూటన్ మీటర్లు. మరో అయిదారు కిలోలు తోడైతే 300. అదే బలం అడుగు పొడుగు రింగు పానాతో రావాలంటే దాని కొసన క్వింటాలు బరువు మోపాలి. ఏ మనిషి మోపగలడు? పైగా ఇది కొత్త బోల్టు మాట. పదేళ్లు బురదలో నాని తుప్పు పట్టిన బోల్టు విడిపోవడానికి బిగించిన దానికంటే ఎక్కువ బలం అడుగుతుంది.

ఇంకొక చిక్కుంది. బావి గిలకకున్న మేకును విప్పబోతే గిలకే తిరిగినట్టు, ఈ బోల్టును తిప్పితే క్రాంకు కూడా దాంతోపాటే తిరుగుతుంది. కాబట్టి ఒకటి విప్పే సాధనం, రెండోది పట్టి ఉంచే సాధనం, రెండూ కావాలి. కంపెనీ షెడ్డులో రెండూ ఉంటాయి. ఊళ్లో మొదటిది అరకొరగా ఉంటుంది, రెండోది అసలుండదు. అది లేని లోటును మన మేస్త్రీలు, డ్రైవర్లు తమ ఒంటితో పూడుస్తున్నారు.

ఎలా పూడుస్తున్నారో ఊళ్లలో మసిలేవారికి చెప్పనక్కరలేదు. బోల్టు తల మీద ఉలి ఆనించి సమ్మెటతో కొట్టడం మొదటి పద్ధతి. తల మూలలు అరిగిపోతాయి, ఆ తరువాత ఏ పానా పట్టదు. పుట్టగొడుగులా తల విచ్చుకున్న ఉలి నుంచి లేచిన ఇనప రవ్వ కంట్లో దిగితే ఆ కన్నుకు ఎవరు జవాబుదారీ? రెండోది, స్టార్టరు విప్పి ఆ కంతలోంచి ఫ్లైవీలు పళ్ల మధ్య గడ్డపలుగో స్క్రూడ్రైవరో ఇరికించడం. పన్ను విరిగితే ఫ్లైవీలు రింగు మార్చాలి, అంటే బండిని రెండుగా విడదీయాలి. సీలు కోసం మొదలుపెట్టిన పని ఇంటి దూలం మీదికొస్తుంది. పై గేరులో వేసి బ్రేకు తొక్కి పట్టమనేది మూడో ఉపాయం. ఇది కొంతవరకు నయమే, ఒక్కోసారి పని జరుగుతుంది. కాని క్లచ్చి జారితే గొట్టం మీద బలమంతా వేసినవాడు ముందుకు తూలి ముఖం పగలగొట్టుకుంటాడు.

నాలుగోదాన్ని చెప్పడానికే భయమేస్తుంది. బోల్టుకు పొడుగాటి హాండిల్ తగిలించి, దాని కొస చాసిస్‌కు ఆనించి, స్టార్టరు బటను ఒక్క క్షణం నొక్కడం. ఇంజను తిరుగుతుంది, హాండిల్ ఆగిపోతుంది, బోల్టు ఊడుతుంది. ఇదే పద్ధతిని కొందరు పెద్ద తెలివిగా నేర్పుతుంటారు. డీజిలింజను పొరపాటున అందుకుందంటే ఆ హాండిల్ ఎవరి కాలి మీద, ఎవరి గుండె మీద పడుతుందో చెప్పగలరా? సాకెట్ జారితే? పక్కన దీపం పట్టుకుని నిలబడ్డ పన్నెండేళ్ల కుర్రాడి సంగతేమిటి? (ఆ వయసు కుర్రాడు షెడ్డులో ఉండటమే నేరం, అది వేరే రాయాలి.) ఈ పద్ధతిని ఎవరు చెప్పినా, యజమానే చెప్పినా, చేయనని నిలబడాలి.

గ్యాసు మంటతో ఎర్రగా కాల్చడం అయిదోది. మార్చదలచిన సీలుతోపాటు మార్చనక్కరలేనివీ కాలతాయి. ఆయిలు, డీజిలు కారి ఉన్నచోట నిప్పు సంగతి చెప్పనే అక్కరలేదు.

సరే, సరైన సాధనాలేమిటి? ఇవేమీ ఆకాశం నుంచి ఊడిపడేవి కావు. బోల్టు తలకు సరిగ్గా సరిపోయే ఆరు పలకల సాకెట్ ఒకటి. పన్నెండు పలకల సాకెట్ మూలల మీదే పడుతుంది గనుక ఇంత బిగువు బోల్టుకు పనికిరాదు. దానికి ముప్పావంగుళం చదరపు కొస ఉన్న బలమైన హాండిల్, మీటరు గొట్టం. అరంగుళం హాండిళ్లు ఇక్కడ విరగడం మామూలే. విరిగినప్పుడు పిడికిలి పోయి రేడియేటరు బ్రాకెట్టుకు గుద్దుకుంటుంది. గొట్టాన్ని ఎప్పుడూ తోయకూడదు, తనవైపు లాగాలి, కాళ్లు రెండూ గట్టిగా ఆనాలి, వదిలినప్పుడు ఒరిగే చోట ఏమీ ఉండకూడదు.

పట్టి ఉంచే సాధనం ఇంకా సులువు. చాలా పుల్లీలకు మొహం మీద రెండో మూడో మరలు కోసిన కంతలుంటాయి. మందమైన పట్టా ఇనుము మీటరు పొడుగు ముక్క తీసుకుని ఆ కంతలకు సరిపడా రెండు బెజ్జాలు, మధ్యలో సాకెట్ దూరేటంత పెద్ద బెజ్జం వేయిస్తే చాలు. రెండు బోల్టులతో దాన్ని పుల్లీకి బిగించి, రెండో కొస చాసిస్‌కో నేల మీది దుంగకో ఆనిస్తే క్రాంకు కదలదు. మండలంలో ఏ వెల్డింగు షాపువాడైనా ఒక్క పూటలో చేస్తాడు. ఒక్క జాగ్రత్త, ఆ రెండు బోల్టులు మరీ పొడుగైతే వెనక టైమింగు కవరుకు గుచ్చుకుని పగలగొడతాయి. మరలు నిండా పట్టాలి, అవతలికి పొడుచుకు రాకూడదు. అసలు ఈ కంతలు లేని పుల్లీలూ ఉన్నాయి. వాటికి ఫ్లైవీలు పళ్లలో సరిగ్గా కూర్చునే లాకు కావాలి. గడ్డపలుగులా కాకుండా అది రెండు మూడు పళ్లను ఒకేసారి పట్టుకుంటుంది గనుక ఏ ఒక్క పన్ను మీదా బలమంతా పడదు. ఇది మాత్రం కొనవలసిందే, ఇంజను ఇంజనుకూ తేడా.

టైర్ల షాపుల్లో కంప్రెసరుకు తగిలించే ఇంపాక్ట్ గన్ ఇప్పుడు చాలా ఊళ్లకు వచ్చింది. అది ఒక్కసారిగా తిప్పదు, చిన్న చిన్న దెబ్బలుగా తిప్పుతుంది. ఇంజను బరువే ఆ దెబ్బలకు అడ్డు నిలుస్తుంది గనుక పట్టి ఉంచే సాధనం లేకపోయినా చాలాసార్లు బోల్టు ఊడుతుంది. విప్పడానికి మంచిదే. కాని దాంతోనే తిరిగి బిగించేసి చేతులు దులుపుకుంటున్నారు, అసలు ముప్పు అక్కడుంది. ఎంత బిగిసిందో ఆ గన్నుకూ తెలియదు, పట్టుకున్నవాడికీ తెలియదు.

బోల్టు ఊడాక పుల్లీ దానంతటది రాదు. ఇక్కడ పుల్లర్ కావాలి. పుల్లీ అంచుకు మూడు కాళ్ల పుల్లర్ తగిలించి లాగితే పోత ఇనుము అంచు విరుగుతుంది. హార్వెస్టర్లకుండే ఆరు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువగా పుల్లీతో కలిసి ఒక డ్యాంపరు ఉంటుంది. లోపల ఒక రింగు, బయట ఒక రింగు, మధ్యలో రబ్బరు అన్నమాట. క్రాంకు మెలితిరిగే అదురును మింగేది అదే. బయటి రింగును పట్టుకుని లాగితే రబ్బరు విడిపోతుంది. కంటికి కనపడదు. బండి నడుస్తుంది, బెల్టు మాత్రం తరచు పడిపోతుంటుంది, అదురు పెరుగుతుంది, చివరికి కోతల మధ్యలో క్రాంకే విరగవచ్చు. ఎప్పుడో ఎవరో తప్పుగా లాగిన లాగుడుకు ఆనాడు సీటులో కూర్చున్న డ్రైవరు దోషి అవుతాడు! పుల్లీ నడిమి బొడిపెకున్న మరల కంతలకు బోల్టులు వేసి, మధ్య స్క్రూతో క్రాంకు కొసను నెట్టే పుల్లరే దీనికి సరైనది. క్రాంకు కొసలో ఉన్న మరలు చెడకుండా స్క్రూకూ దానికీ మధ్య ఒక బిళ్ల అడ్డం పెట్టాలి.

తిరిగి ఎక్కించేటప్పుడు మనవాళ్లు చేసే పెద్ద తప్పు సమ్మెట. ముందు నుంచి కొట్టిన ప్రతి దెబ్బా క్రాంకు మీదుగా లోపలి థ్రస్ట్ వాషర్ల మీద పడుతుంది. మరలు కోసిన పొడుగు బోల్టు, నట్టు, బేరింగు కలిపిన సాధనంతో మెల్లగా లోపలికి లాగాలి. కీ గాడిలో కూర్చుందో లేదో చూసుకోవాలి. సీలు పెదవికి కాస్త ఆయిలు రాయాలి. సీలు రాసుకున్న చోట పుల్లీ బొడిపె మీద గాడి పడి ఉంటే కొత్త సీలు వేసినా కారుతుంది, అది ముందే చూడాలి. కొన్ని ఇంజన్లలో ఆ బోల్టు సాగేటట్టు బిగిస్తారు, ఒకసారి విప్పితే మళ్లీ వాడకూడదు, కొత్తది వేయాలి. మరలకు ఆయిలు రాయాలా పొడిగా ఉంచాలా అన్నది కూడా ఇంజను పుస్తకం చెప్పాలి. ఆయిలు రాసిన మర అదే తిప్పుడుకు ఎక్కువగా బిగుస్తుంది. అందుకే చేతి అంచనా ఇక్కడ పనికిరాదు.

ఆఖరి బిగింపుకు టార్క్ రెంచి తప్పనిసరి. ఎంత బిగువో చూపించే పానా అది. విప్పడానికి దాన్ని వాడకూడదు, పని అయ్యాక స్ప్రింగును తగ్గించి పెట్టాలి. బోల్టు వదులుగా ఉండిపోతే ఏమవుతుంది? పుల్లీ కొద్దికొద్దిగా ఆడుతుంది, కీ నలుగుతుంది, గాడి వెడల్పవుతుంది, క్రాంకు ముక్కు తినేస్తుంది. అప్పుడు క్రాంకును లేతు మిషను దగ్గరకు మోయాలి, లేదా కొత్తది కొనాలి. ఒక కౌలు రైతు సెకండ్ హాండు బండి ఆ దెబ్బతో వడ్డీ వ్యాపారి వాకిట్లోకి చేరుతుంది.

ఇంత తెలిసిన విషయాన్ని ఊరి మేస్త్రీకి ఎవరు చెప్పారు? ఎన్ని న్యూటన్ మీటర్లో రాసి ఉండే మరమ్మతు పుస్తకం డీలరు షెడ్డులో ఉంటుంది. బండి కొన్న రైతుకిచ్చే చిన్న పుస్తకంలో ఆయిలు ఎప్పుడు మార్చాలో రాస్తారు, సబ్సిడీ స్టిక్కరు ఎక్కడ అంటించాలో చెబుతారు. ఈ సంగతులుండవు. సాధనాలను "ప్రత్యేక సాధనాల"న్న పేరుతో అధీకృత షెడ్డులకే పంపుతారు. దమ్ముల రోజుల్లో ఆ షెడ్డుకు ఫోను చేస్తే మూడు రోజుల తరువాత వస్తామంటారు. మూడు రోజులకు నారు ముదిరిపోతుంది. రైతు ఊరి మేస్త్రీ దగ్గరకే వస్తాడు, మేస్త్రీ ఉలే తీస్తాడు. ఉలి తీసిన మేస్త్రీని తిట్టి ప్రయోజనం లేదు. ఇది విడిభాగాలతో, మరమ్మతులతో కూడా లాభం పిండుకునే గుత్తాధిపత్యం.

ఇది మన ఊహ కాదు. విడిభాగాలను, పరీక్ష సాధనాలను స్వతంత్ర మెకానిక్కులకు అందకుండా చేశారన్న కేసులో 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీల మీద రూ.2,544 కోట్లకు పైగా జరిమానా విధించింది. ఆ తరువాత అది అప్పీళ్లకు పోయింది, అది వేరే కథ. కార్ల వాళ్ల సంగతి అంతదూరం వెళ్లింది గాని ట్రాక్టరు కింద పడుకున్నవాడి సంగతి అంతదూరం వెళ్లలేదు. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసినప్పుడు ముందుగా చూడవలసిన నాలుగు రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచింది. పోర్టల్ అంటే చట్టం కాదు. అమెరికాలో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కును 2023లో చట్టం చేసి 2024 జనవరి 1 నుంచి అమలుకు తెచ్చింది. యంత్రంలో ఉన్న సాఫ్టువేరు తాళం తీయనివ్వడం లేదని అక్కడి రైతుల గొడవ. ఆ తాళం మనకూ దూరంగా ఏమీ లేదు. 2023 జనవరి నుంచి 50 హార్సుపవరు దాటిన కొత్త ట్రాక్టర్లకు కొత్త పొగ నిబంధనలు వచ్చాయి, వాటితోపాటు కంప్యూటరు పెట్టె ఉన్న ఇంజన్లు పొలాల్లోకి దిగాయి. ఇవాళ బోల్టు విప్పే సాధనం అడగలేకపోతే రేపు ఆ పెట్టె తాళం ఎలా అడుగుతాం?

గాయపడినవాడి హక్కు గురించి కూడా ఒక మాట. 1923 నాటి నష్టపరిహార చట్టం రెండో షెడ్యూలులో ట్రాక్టర్లతో వ్యవసాయం చేసే పనివారు కూడా ఉన్నారు. బొటనవేలు పోతే సంపాదన శక్తిలో 30 శాతం పోయినట్టు, చూపుడు వేలు మొత్తం పోతే 14 శాతం పోయినట్టు ఆ చట్టం లెక్క కట్టింది. నష్టపరిహారం విషయం ఇప్పుడు 2020 సామాజిక భద్రతా కోడ్‌లోకి వెళ్లింది. చట్టం పేరు మారిందని యజమాని బాధ్యత పోలేదు. ఆసుపత్రి చీటీలో "ఇంటి దగ్గర పడ్డాడు" అని రాయించి పదివేలు చేతిలో పెట్టే రాజీలకు ఒప్పుకోవద్దు. పని చేస్తూ, ఏ బండి కింద, ఎన్ని గంటలకు దెబ్బ తగిలిందో చీటీలో రాయించాలి.

ఇక చేయదగిన పని. 2014-15 నుంచి కేంద్రం యాంత్రీకరణ పథకం కింద కస్టమ్ హైరింగ్ కేంద్రాలకు సబ్సిడీ ఇస్తున్నది. ట్రాక్టరుకు, రోటవేటరుకు, హార్వెస్టరుకు డబ్బుంది. వాటిని బాగుచేసుకునే పెట్టెకు డబ్బు అడిగినవారేరీ? అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్షా సంస్థ ఉన్నది. ఐటీఐల్లో ట్రాక్టరు మెకానిక్కు కోర్సున్నది. ఆ చదువు పట్టాదారు కొడుకుకేనా, అదే బండి తోలే కూలివాడికి వారం రోజులు, ఆ వారం కూలి చెల్లించి, నేర్పరాదా?

సొసైటీల సర్వసభ్య సమావేశాల్లో, మండల వ్యవసాయాధికారి ముందు అడగవలసింది పెద్ద జాబితా కాదు. ఆ సొసైటీ పరిధిలో తిరిగే బండ్లు ఏవో చూసి, వాటి బోల్టులకు సరిపడే సాకెట్లు, ముప్పావంగుళం హాండిల్, పట్టా ఇనుము హోల్డరు, ఫ్లైవీలు లాకు, పుల్లరు, ఎక్కించే సాధనం, టార్క్ రెంచి, రెండు జతల కళ్లద్దాలు ఒక పెట్టెలో పెట్టాలి. ప్రతి ఇంజనుకూ ఎంత బిగువో కంపెనీ చేత తెలుగులో రాయించి తెప్పించాలి. డీలరు పుస్తకం ఇవ్వనంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనాలి. పెట్టె తాళం చెవి అధ్యక్షుడి ఇంట్లో కాకుండా షెడ్డులోనే ఉండాలి. దమ్ముల రోజుల్లో రాత్రి పదింటికి పుల్లీ వదులైన డ్రైవరు ఎవర్ని లేపాలో షెడ్డు గోడ మీద పేరు, ఫోను నెంబరు రాసి ఉండాలి.